ఈతిబాధల్లో ఆరవది

ఒక రోజు డిగ్రీ తరగతిలో ప్రాచీన కావ్యభాగం చెబుతూ ఉండగా ‘ఈతిబాధలు’ అనే మాట వచ్చింది. ఈతులు ఆరు అని చెప్పి, అలవాటు చొప్పున “అతివృష్టి, అనావృష్టి మొదలైనవి” అని అర్థం రాయించాను. వెనక బల్లమీది కుర్రవాడొకడు లేచి, “మొదలైనవి అంటే ఇంకా ఏమిటి సార్?” అని అడిగాడు. ఎలుకలు, మిడతలు, చిలుకలు అన్నాను. “ఐదే వచ్చాయి సార్” అన్నాడు. అప్పుడు ఆరవది చెప్పాను: రాజు.

తరగతి అంతా నవ్వింది. ఆ కుర్రవాడు మాత్రం నవ్వలేదు. వాళ్ల నాన్న కృష్ణ ఒడ్డున లంకభూమి కౌలుకు చేస్తాడనీ, ఆ ఏడు పైరు వరదలో పోయినా కౌలు మాత్రం కట్టవలసి వచ్చిందనీ నాకు తరువాత తెలిసింది. ఈ పాఠం నేను పదేళ్లుగా చెబుతున్నాను. పదేళ్లుగా ఆ ఆరవ పేరును ‘మొదలైనవి’ అనే మాట కింద దాచిపెడుతూ వచ్చానన్న సంగతి ఆ కుర్రవాడు అడిగిన దాకా నాకే తట్టలేదు.

ఇది నా ఒక్కడి పొరపాటు మాత్రమే ఐతే వ్యాసం రాయవలసిన పని లేదు. ప్రజల మహావిపత్తుల పట్టికలో ఒకప్పుడు పాలకుడికి కూడ స్థానం ఉండేది. కాలక్రమాన ఆ స్థానం ఖాళీ ఐంది. విపత్తు అంటే ఆకాశం నుంచి ఊడిపడేదే కాని, సింహాసనం మీద నుంచి దిగివచ్చేది కాదన్న భావం స్థిరపడింది. ఒక మాట అర్థం ఇలా మారడం కేవలం భాషాశాస్త్ర విషయం కాదు. దాని వెనుక సాంఘిక చరిత్ర ఉన్నది.

‘ఈతి’ సంస్కృతపదం. పైరుకూ ప్రజలకూ దేశవ్యాప్తంగా కలిగే ఉపద్రవమని దాని ప్రధానార్థం. ప్రవాసం, కలహం అనే అర్థాలు కూడ నిఘంటుకారులు చెప్పారు. పంట పోతే ఊరు విడిచిపోవడం, తిండిగింజల కోసం కొట్టుకోవడం ఒకదాని వెంట ఒకటి వచ్చేవే కనుక, ఈ మూడర్థాలూ ఒకే మాటలో ఇమడడం చూసి మనం ఆశ్చర్యపడనక్కర లేదు.

ఈతుల పట్టిక రెండు రకాలుగా ప్రచారంలో ఉన్నది. ఒక పాఠం ప్రకారం ఆరు: అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, మరీ దగ్గరగా ఉన్న రాజులు. మరొక పాఠం ప్రకారం ఏడు: మొదటి ఐదూ అవే, చివరి రెండూ స్వచక్రం, పరచక్రం. అనగా సొంత రాజు సేన, శత్రురాజు సేన. రెండు పాఠాల్లోనూ మొదటి ఐదింటిలో భేదం లేదు. భేదమంతా రాజు దగ్గరే వచ్చింది.

ఎలుకనూ చిలుకనూ రాజునూ ఒక వరుసన నిలబెట్టడం ఈనాటి విద్యార్థికి హాస్యంగా కనిపించవచ్చు. కాని నాగలి పట్టినవాడి వైపు నుంచి చూస్తే ఆ వరుసలో చక్కని తర్కం ఉన్నది. వాన ఎక్కువైతే పైరు కుళ్లుతుంది. తక్కువైతే ఎండుతుంది. మిడత ఆకు తింటుంది, చిలుక కంకి తింటుంది, ఎలుక గాదెలో గింజ తింటుంది. మిగిలినదాన్ని రాజు సేన తింటుంది. పండినది పండించినవాడి నోటికి చేరనివ్వకపోవడమే వీటన్నిటి సామాన్య లక్షణం.

ఐతే ఇక్కడ మనం తొందరపడకూడదు. పూర్వగ్రంథాల్లో మనకు నచ్చే మాట ఒకటి కనిపించగానే దాన్ని ప్రజల తిరుగుబాటుగా వ్యాఖ్యానించడం అభ్యుదయ విమర్శకుల్లో అక్కడక్కడా ఉన్న బలహీనత. ఆరు ఈతుల పట్టిక కూర్చినవాడు రైతు కాదు, సంస్కృత పండితుడు. ‘దగ్గరి రాజులు’ అన్నప్పుడు అతని మనసులో ఉన్నది పొరుగురాజు దండయాత్రే కావచ్చు. ఆ మాటకు వస్తే, ఆ పట్టిక సొంత రాజుకు చేసిన హెచ్చరిక అనుకోవడానికీ అవకాశం ఉన్నది. కాబట్టి ఆరు ఈతుల పాఠం మీదనే ఆధారపడి పెద్ద సిద్ధాంతం కట్టలేము.

ఏడు ఈతుల పాఠం సంగతి వేరు. అందులో స్వచక్రాన్ని స్పష్టంగా చేర్చారు. అది పద్యపాదం నింపడానికి వేసిన మాట కాదని కౌటిల్యుని అర్థశాస్త్రం చూస్తే తెలుస్తుంది. ప్రజాపీడనాలను తూకం వేసే ఎనిమిదవ అధికరణంలో స్వచక్రపీడ ఎక్కువా, పరచక్రపీడ ఎక్కువా అనే చర్చ ఉన్నది. సొంత సేనే ఎక్కువ పీడ అని పూర్వాచార్యుల అభిప్రాయం. అది మితిమీరిన దండనలతో, పన్నులతో బాధిస్తుంది, దాన్ని వారించడం సాధ్యం కాదు. శత్రుసేనతోనైతే పోరాడవచ్చు, తప్పుకోవచ్చు, సంధి చేసుకోవచ్చునని వారి వాదం. కౌటిల్యుడు దీన్ని ఒప్పుకోడు. స్వచక్రాన్ని దాని నాయకుల ద్వారా అదుపు చేయవచ్చుననీ, పరచక్రం దేశమంతటినీ నాశనం చేస్తుందనీ అంటాడు. రాజ్యతంత్రజ్ఞుడు అలా అనడం సహజమే. మనకు ముఖ్యమైనది అతను ఖండించిన వాదం. సొంత ప్రభుత్వమే ప్రజలకు తప్పించుకోలేని విపత్తు కావచ్చునన్న మాట ఆనాటి రాజనీతి పండితుల మధ్యనే చర్చనీయాంశంగా ఉండేదన్నమాట.

అదే కౌటిల్యుడు నాలుగవ అధికరణంలో ఎనిమిది దైవిక మహాభయాలను చెప్పాడు: నిప్పు, నీరు, వ్యాధి, దుర్భిక్షం, ఎలుకలు, క్రూరమృగాలు, పాములు, రాక్షసులు. ఇందులో రాజు లేడు. ఇక్కడ అతను విపత్తుల పట్టికలోంచి బయటికి వచ్చి, విపత్తును తీర్చేవాడి స్థానంలో కూర్చున్నాడు. ఐనా ఊరికే కూర్చోలేదు. దుర్భిక్షం వస్తే రాజు విత్తనాలు, తిండిగింజలు ఇవ్వాలి. కూలికి బదులు తిండి పెట్టి కోటల పనులు, నీటికట్టల పనులు చేయించాలి. నిల్వలున్న ధనికుల చేత కక్కించాలి అని కౌటిల్యుడు విధించాడు. కరువు దైవికమే ఐనా దాని ఫలితానికి రాజు బాధ్యుడన్న ఈ నియమాన్ని గుర్తుంచుకుందాం. ముందు దీనితో పని ఉన్నది.

కావ్యాల్లో ఈ మాట ప్రయాణం మరొక దిక్కుగా సాగింది. రఘువంశం ప్రథమసర్గలో దిలీపుడు వసిష్ఠునితో, తన ప్రజలు నిండునూరేళ్లు బతుకుతూ, భయాలూ ఈతులూ లేకుండా ఉన్నారనీ, అది గురువు బ్రహ్మవర్చస్సు ఫలమనీ అంటాడు. ఈతి అనే మాట ఇక్కడ ‘నిరీతి’ రూపంలో, అనగా ఈతులు లేని స్థితిగా వచ్చింది. ప్రజల బాధను చెప్పవలసిన మాట రాజు మహిమను చెప్పే మాటైంది. చెబుతున్నదెవరు? రాజే. ఎవరితో? పురోహితునితో. పైరు పండించినవాడు ఆ సంభాషణలో లేడు. మన రాజస్తుతుల్లో నెలకు మూడు వానలు కురుస్తూనే ఉంటాయి. వానలు రాజు పుణ్యమే ఐనప్పుడు, వానలు లేకపోవడం ఎవరి పాపమని ఆ సభల్లో అడిగేవాడు ఉండడు.

కాని సభ కూలిపోయినప్పుడు కవికి కూడ ఈతులు తెలిసివస్తాయి. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటుపద్యాన్ని మనమందరం పాఠం చెప్పుకున్నవాళ్లమే. ప్రౌఢదేవరాయల కాలంలో కనకాభిషేకం పొందాడని చెప్పే కవి, ఆశ్రయమిచ్చిన రాజులు పోయిన తరువాత కృష్ణాతీరంలో బొడ్డుపల్లెను గుత్తకు పట్టి మోసపోయానని వాపోతాడు. ఫలసాయాన్ని నది పట్టుకుపోయింది. నువ్వులూ పెసలూ పిట్టలు తినిపోయాయి. ఏడు నూర్ల టంకాలు మాత్రం కట్టి తీరాలి. కట్టలేనివాడిని పట్టపగలు వీధిలో ఎండకు నిలబెట్టి, బండ ఎత్తి, సంకెళ్లు వేశారు.

ఈ చాటువును సాధారణంగా మహాకవి దురవస్థగా, కాలవైపరీత్యంగా చెబుతాం. ఈతుల పట్టిక చేతపట్టుకుని మళ్లీ చదివితే అది వేరుగా కనిపిస్తుంది. వరద ఒక ఈతి. పిట్టలు ఒక ఈతి. ఆ రెంటి తరువాత పన్ను వచ్చింది. పట్టిక వరుస తప్పలేదు! పద్యం శ్రీనాథుడే చెప్పినా, ఆయన పేర మరొకరు చెప్పినా, చెప్పినవాడికి ఈ వరుస అనుభవంలో తెలుసు. పైగా ఒక భేదాన్ని అది స్పష్టంగా చూపిస్తుంది. నదీ పిట్టలూ పంటతో తృప్తిపడ్డాయి, మనిషిని పట్టుకోలేదు. మనిషిని పట్టుకున్నది ఆ చివరిదే.

ఇక జనం వాడుక. పల్లెలో ఎవరూ ఈతి అనలేదు. కరువు, కాటకం, గత్తర, ఉప్పెన అన్నారు. ‘దుర్భిక్షం’ అంటే భిక్ష దొరకడం కష్టమైన కాలం. అది అడుక్కు తినేవాడి వైపు నుంచి పుట్టిన మాట, పండించేవాడి మాట కాదు. జనం పెట్టిన పేర్లు అలా ఉండవు. 1832-33 నాటి గుంటూరు క్షామాన్ని ఆ తెలుగు సంవత్సరాన్ని బట్టి నందన కరువు అన్నారు. మనుషుల ఒంటిమీద ఏం మిగిలిందో చూసి డొక్కల కరువు అన్నారు. 5 లక్షల జనం ఉన్న ఆ ప్రాంతంలో లక్షన్నరకు తక్కువ కాకుండా చనిపోయారని అంచనాలు ఉన్నాయి. చనిపోయినవారి పక్కనే కృష్ణ పారుతూ ఉన్నది. బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తి కావడానికి 1855 దాకా పట్టింది. అనావృష్టి ప్రకృతిది కావచ్చు. కాని ఏటి ఒడ్డున మనిషి దాహానికీ ఆకలికీ చావడంలో ప్రకృతి పాలు ఎంత? ఎలుకా చిలుకా కట్టలు కట్టలేవు. కట్టగలిగీ కట్టనిది శిస్తు వసూలు చేసుకుంటున్న కంపెనీ ప్రభుత్వం.

రాజును పట్టికలోంచి పూర్తిగా తొలగించే పని 1876-78 నాటి ధాత కరువులో జరిగింది. మద్రాసు రాజధానిలోని రాయలసీమ జిల్లాలు, మైసూరు, బొంబాయి దక్కను, హైదరాబాదు రాజ్యం ఆ కరువులో మాడిపోయాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు తీర్చి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా చాటారు. ఆ నెలలోనే వైస్రాయి లిట్టన్ పంపగా రిచర్డ్ టెంపుల్ కరువు ప్రాంతాలకు బయలుదేరాడు. ఇతని పూర్వచరిత్ర గమనించదగినది. 1873-74లో బీహారు, బెంగాలు ప్రాంతంలో కరువు వచ్చినప్పుడు ఇతను బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అందుకు లభించిన బహుమానం దుబారా చేశాడన్న నింద. ఆ పాఠం నేర్చుకున్నవాడై, మద్రాసులో సహాయపు పనుల మీద ఉన్న మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని తగ్గించాడు. పౌను అంటే అరకిలో కూడ లేదు. ఆ తిండితో పనిచేసే మనిషి బతకలేడని మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించవలసి వచ్చింది.

మద్రాసు ప్రభుత్వం సొంతంగా ధాన్యం కొనడాన్ని కూడ లిట్టన్ ప్రభుత్వం ఆక్షేపించింది. వర్తకంలో సర్కారు వేలు పెట్టరాదన్నది వారి సిద్ధాంతం. కౌటిల్యుడు నిల్వదారుల చేత కక్కించమన్నాడు. వీరు నిల్వదారుల జోలికి పోవద్దన్నారు. రెండువేల ఏళ్ల నాటి నిరంకుశ రాజనీతి కంటె పందొమ్మిదవ శతాబ్దపు ‘స్వేచ్ఛా వ్యాపారం’ ఆకలిగొన్నవాడి పట్ల నిర్దయగా ప్రవర్తించింది. రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన ఏర్పడి 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషనే, బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో 52 లక్షలకు పైగా అదనంగా చనిపోయారని లెక్క కట్టింది. దాని ఫలితంగా కరువు నిబంధనావళులు పుట్టాయి. ఆ మేలు కాదనలేము. ఐనా, కరువు అనేది వాన మీదా ధర మీదా ఆధారపడిన సంఘటన అనీ, ప్రభుత్వం దాన్ని కొలిచి, ప్రకటించి, ఖర్చు లెక్క చూసుకునే పరిశీలకుడు అనీ వాటితో స్థిరపడింది. ఈతిగా ఉన్న రాజు ఈతులను లెక్కపెట్టే గుమాస్తా ఐనాడు.

లెక్కపెట్టేవాడి చేతిలో మాట ఉంటే ఏం జరుగుతుందో 1943లో బెంగాల్లో చూశాం. కరువు అని అధికారికంగా ప్రకటిస్తే నిబంధనావళి ప్రకారం సహాయం చేయాలి కనుక, దాన్ని ప్రకటించనే లేదు. సుమారు 30 లక్షల మంది పేరు పెట్టని విపత్తులో చనిపోయారు. ఆ సంవత్సరం బెంగాల్లో తిండిగింజలు లేకపోవడం కంటె, కూలిజనానికి వాటిని కొనే శక్తి పోవడమే ప్రధాన కారణమని అమర్త్య సేన్ 1981లో వాదించారు. గింజ ఉన్నది, మనిషి ఉన్నాడు, మధ్యన మరేదో అడ్డుపడింది. ఆ అడ్డుపడిన దానికి మన పాత పట్టికలో ఆరవ గడి ఉండేది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ గడి మళ్లీ నిండిందా? 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలో విపత్తు నిర్వచనం ఉదారమైనదే. ప్రకృతి వల్ల వచ్చినదే కాక, మనుషుల వల్ల, నిర్లక్ష్యం వల్ల వచ్చినది కూడ అందులో ఉన్నది. కాని సహాయనిధి నుంచి డబ్బు ఇవ్వడానికి కేంద్రం గుర్తించిన జాబితాలో ఉన్నవి ఇవి: తుఫాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగండ్లు, కొండచరియలు, హిమపాతం, కుంభవృష్టి, చీడలు, చలిగాలులు. మొత్తం 12. అతివృష్టి ఉన్నది, అనావృష్టి ఉన్నది, మిడత కూడ ఉన్నది. మన పాత ఈతులు చాలా వరకు భద్రంగా ఉన్నాయి, ఒక్కటి తప్ప.

కరువు మండలాల ప్రకటన కోసం రైతులు తహసీల్దారు కచేరి ముందు కూర్చోవడం మనకు కొత్త కాదు. కరువు ఉన్నదీ లేనిదీ అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. కాని కరువు అనే మాట సర్కారు నోట వచ్చిన దాకా అది కరువు కాదు. 2016 మే 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, కరువును ఒప్పుకోవడానికి వెనుకాడిన రాష్ట్రాలను తప్పుపట్టవలసి వచ్చిందంటే, ఆ ఒక్క మాట ఎంత బరువైనదో ఊహించుకోవచ్చు.

మాట వచ్చినా కౌలుదారుకు కష్టం తీరదు. నష్టపరిహారం పట్టాదారు పాసుపుస్తకాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో వచ్చిన సాగుదారుల హక్కుల చట్టంలో భూయజమాని సమ్మతి షరతైంది. బొడ్డుపల్లె గుత్తదారు గతి ఆరు వందల ఏళ్ల తరువాత మరొక రూపంలో కనిపిస్తున్నది. ఇవాళ వీధిలో ఎండకు నిలబెట్టరు. బ్యాంకు వరండాలో నిలబెడతారు.

ఇక తెలుగులో ‘ఈతిబాధలు’ అనే మాటకు పట్టిన గతి చూడండి. ఈతి అంటేనే బాధ. జనానికి అది అర్థం కావడం మానేశాక పక్కన ‘బాధలు’ చేర్చి నిలబెట్టారు. ఈనాటి కథల్లో, పత్రికల్లో, మాటల్లో ఈతిబాధలంటే సంసారపు చిక్కులు: ఇంటి అద్దె, పిల్లల ఫీజు, ఆలుమగల తగువు. దేశానికంతకూ పట్టిన ఉపద్రవం ఒక ఇంటి గోడల మధ్యకు కుదించుకుపోయింది. మాటలు అర్థం మార్చుకోవడం సహజమే, దానికి ఎవరినీ దండించనక్కర లేదు. కాని ఈ మార్పు ఏ దిశగా జరిగిందో గమనించాలి. పదిమందికి కలిసి వచ్చిన కష్టం ఎవరి కష్టం వారిదైంది. ఎవరి కష్టం వారిదైనప్పుడు కారణం కూడ ఎవరి కర్మలో వారికే దొరుకుతుంది. పెరిగిన ఫీజుకు, పెరిగిన అద్దెకు, తగ్గిన పంటధరకు మధ్య సంబంధం ఉన్నదన్న అనుమానమైనా ఆ వాడుకలో మిగలదు.

కాబట్టి మనం చేయవలసినది పాతమాటను పూజించడం కాదు. పాత పట్టికలో రాజుతో పాటు వడ్డీవ్యాపారి లేడు, భూస్వామి లేడు, కులం లేదు. దానిలో లేనివి చాలా ఉన్నాయి. కాని ప్రజల విపత్తులను లెక్కించేటప్పుడు వాన దగ్గర ఆగిపోకుండా, పండినదాన్ని చివరికి ఎవరు తీసుకుపోయారు అని అడిగే అలవాటు అందులో ఉన్నది. ఆ అలవాటును సాహిత్యం చెప్పే మనం తరగతి గదిలోనైనా నిలబెట్టాలి. డొక్కల కరువు గురించి చెప్పేటప్పుడు వాన సంగతితో పాటు శిస్తు సంగతీ చెప్పాలి. శ్రీనాథుని చాటువు చెప్పేటప్పుడు కవి దైన్యంతో పాటు గుత్త సంగతీ చెప్పాలి.

ఆ సంవత్సరం పరీక్షలో ‘ఈతులు ఎన్ని? అవి ఏవి?’ అని నేనే ప్రశ్న ఇచ్చాను. ఆ కుర్రవాడు ఆరూ వరుసగా రాసి, కింద ఏడవదిగా ‘కౌలు’ అని చేర్చాడు. శాస్త్రం ప్రకారం అది తప్పు. నేను మార్కు తగ్గించలేదు. ఇప్పుడు నా నోట్సులో ‘మొదలైనవి’ అనే మాట కొట్టివేసి, ఆరు పేర్లూ పూర్తిగా రాసుకున్నాను.